గాలి ఆపిన గంటా పది నిమిషాలు

తోర్కిల్ బిస్గోర్ చదివింది ఏడేళ్ళ పల్లెబడి. అయినా డెన్మార్క్‌లో లిమ్‌ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున నోర్విగ్ ఊరి మురుగునీటి కేంద్రాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాడు. మంచు గడ్డకట్టిన వేళ పగిలిన గొట్టాన్ని ఒంటిచేత్తో బిగించినవాడు, మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవుల బురద ఆరోగ్యం వాసన చూసి చెప్పగలిగినవాడు, పూటపూటా తొట్ల లెక్కలు రాసి పందొమ్మిది నోటుపుస్తకాలు నింపినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇంగెలీసె అనే ఇంజనీరు ఆ పుస్తకాల మీదే గణిత నమూనా కట్టింది. ఇంత వాన పడితే, యంత్రాలతో నీళ్ళలోకి ఇంత గాలి కొడితే తొట్టిలో ఏమవుతుందో అది ముందే చెప్పేది. సమీకరణాలు ఆమెవి, అంకెలన్నీ తోర్కిల్‌వి.

నమూనా తోర్కిల్‌కి మాత్రమే ఇంకో సంగతీ చెప్పింది. నాలుగేళ్ళ కిందటి తుపానులో బురద తొట్టి దాటి ఫియోర్డ్‌లో కలిసింది. ఆరు వారాలు ఆల్చిప్పలు పట్టకూడదన్నారు. తోర్కిల్ భార్య తమ్ముడు ఎయిగిల్‌కి రెండు పడవలుండేవి, వేట లేక ఒకటి అమ్ముకుంటే ఒకటే మిగిలింది. యంత్రం చెడిందని తోర్కిల్ ఊరందరికీ చెప్పాడు. ఆనాటి అంకెలు నమూనాలో వేసి చూస్తే తేలింది వేరు. కంగారులో గాలి యంత్రాలను పూర్తి వేగంతో తిప్పింది తన చెయ్యే. గాలి కొట్టినకొద్దీ బురద పైకి లేచి వరదతో పోయింది. ఆపి ఉంటే అడుగున పడుకునేది. ఈ ముక్క భార్యకు కూడా చెప్పలేదు.

అక్టోబరులో తుపాను మళ్ళీ వచ్చింది, మిట్టమధ్యాహ్నం. కప్పు రేకులను పీకి గోడకేసి బాదింది. కంచెను మెలిపెట్టి తొట్లో పారేసింది. వరద చేరకముందే గాలి ఆపి, గంటా పది నిమిషాలు అలాగే ఉంచమంది నమూనా. తోర్కిల్ మీట దించాడు. ఊరికి అలవాటైన యంత్రాల హోరు తెగిపోయింది.

హోరు ఆగిన సంగతి రేవులో ఉన్న ఎయిగిల్‌కి తుపానులోనూ తెలిసింది. మళ్ళీ బురద ఫియోర్డ్ పాలవుతుందనుకుని, పడవ కొక్కెం కర్ర పట్టుకుని గేటు తన్నుకుని వచ్చాడు.

"బావా, గాలి వెయ్యి."

"వెయ్యను. ఇంకా యాభై నిమిషాలుంది."

"ఎవరు చెప్పారు? ఆ ఇంజనీరు పిల్ల కంప్యూటరు డబ్బానా?"

"నా పుస్తకాలు చెప్పాయి."

"పోయినసారి నీ పుస్తకాలు నిద్రపోయాయా? మిగిలిన ఒక్క పడవ కూడా పోవాలా?"

కొక్కెం కర్ర తోర్కిల్ పక్కటెముకల మీద పడింది. లోపల ఏదో పుటుక్కుమంది. అతను మీట పెట్టెను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఎయిగిల్ అతని జుట్టు పట్టి వెనక్కి లాగాడు. తోర్కిల్ తల వెనక్కి విసిరాడు, బావమరిది ముక్కు చితికింది. ఇద్దరి నెత్తురూ వానలో కలిసి ఇనుప మెట్ల మీదుగా కారింది. మళ్ళీ కర్ర. భుజం మీద, మోచేతి మీద, వేళ్ళ మీద. రెండు వేళ్ళు విరిగాయి. పెట్టెను మాత్రం వదల్లేదు.

"ఒరేయ్ ఎయిగిల్," అన్నాడు తోర్కిల్, ఊపిరి అందక. "ఆ రోజు యంత్రం చెడలేదురా. నేనే గాలి పూర్తి వేగంతో తిప్పాను. అందుకే బురద పోయింది. నీ పడవ పోయింది నా వల్లే."

కర్ర గాల్లోనే ఆగింది.

"అంటే ఇప్పుడు..."

"ఆపితే బురద కిందే ఉంటుంది. నన్ను నమ్మకు. గాజు జాడీ అక్కడుంది, నీళ్ళు బయటికి పోయే గట్టు దగ్గర ముంచి చూసుకో."

ఎయిగిల్ గట్టు కమ్మీ పట్టుకుని పాకుతూ వెళ్ళాడు. వరద అతన్ని రెండుసార్లు మోకాళ్ళ మీద పడేసింది. జాడీ ఎత్తి చూశాడు. పలచని టీ రంగు. బురద నలుసు లేదు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ అదే. వెనక్కి వచ్చి, చొక్కా చించి బావ వేళ్ళకు కట్టి, గడియారం చూస్తూ పక్కనే కూర్చున్నాడు. గంటా పది నిమిషాలు కాగానే లేపి నిలబెట్టాడు. తోర్కిల్ మీట ఎత్తాడు. యంత్రాలు హోరెత్తాయి.

"ఇందాకటి దెబ్బలన్నీ తప్పు బావా," అన్నాడు ఎయిగిల్. "ఇది మాత్రం కాదు."

పిడికిలి నోటి మీద పడింది. రెండు పళ్ళు రాలాయి. తోర్కిల్ చెయ్యి అడ్డం పెట్టలేదు.

నెత్తురు ఉమ్మి, ఇరవయ్యో నోటుపుస్తకం తెరిచి, ఎడమచేత్తో ఆ పూట లెక్క రాశాడు. దాని కింద ఇంకో వరుస రాశాడు: నాలుగేళ్ళ కిందటి తుపాను, నా చెయ్యి. కాగితం ఎగరకుండా అదిమి పట్టిన ఎయిగిల్ అది చదివాడు.

"మా అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు.