గుర్రం దిగిన సూరి

గుంటూరు బ్రాడీపేటలో మేముండే అపార్ట్‌మెంటుకి ఈ వారం సున్నాలు వేస్తున్నారు. పొద్దున్నే మెట్ల దగ్గర డ్రమ్ములో సున్నం కలుపుతుంటే ఆ తడి వాసన, కాస్త ఘాటుగా, కాస్త చల్లగా, తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని. చేతిలో కుంచె పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు పొదిలిలో మా బాలికల హైస్కూలు ప్రహరీగోడ కనిపిస్తుంది. ఆ గోడ ముందు కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ సుగుణమ్మ టీచరుగారు కనిపిస్తారు.

ఆవిడ మాకు సోషల్ చెప్పేవారు. సొంత ఊరు పొన్నూరు. కాలువలూ వరిచేలూ చూస్తూ పెరిగిన మనిషి బదిలీ మీద మా మెట్టప్రాంతానికి వచ్చారు. పొట్టిగా ఉండేవారు కానీ గొంతు పెద్దది. వరండా ఆ చివర ఆవిడ మాట్లాడితే ఈ చివర మా క్లాసు సర్దుకుని కూర్చునేది. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు వేసి కథలు చెబుతారని విన్నాం. స్కూల్లో మాత్రం ఆవిడ మ్యాపులు తప్ప మరొకటి గీయగా మేం చూడలేదు.

నాకప్పుడు లోకమంటే ఒకటే బొమ్మల కథ. ఒక పిల్లల పత్రికలో నెలనెలా వచ్చే 'నల్లగుర్రం సూరి'. మా నాన్న పురుగుమందుల కొట్లో గుమాస్తా. ఇంట్లో పత్రికలు కొనే అలవాటు లేదు. సాయంత్రం లైబ్రరీకి పోయి ఆ పేజీలు కళ్ళలో నింపుకుని, ఇంటికొచ్చి జ్ఞాపకం మీద గీసేదాన్ని. నుదుటి మీద పడే జుట్టు, గాలికి ఎగిరే ఉత్తరీయం, ముందుకాళ్ళు పైకెత్తిన గుర్రం. పుస్తకాల అట్టల మీద, క్యారేజీ మూత మీద, స్నేహితురాళ్ళ అరచేతుల మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ సూరి ఉండేవాడు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు టీచరుగారు అట్లాసులు తీయమన్నారు. నా అట్లాసులో దక్కన్ పీఠభూమి మీద సూరిని ఎక్కించుకుని గుర్రం పరుగెడుతోంది. దాని తోక అరేబియా సముద్రంలోకి పోయింది. ఆవిడ నా బల్ల దగ్గర ఆగారు. దెబ్బ పడుతుందని నేనే చెయ్యి చాచాను. ఆవిడ అట్లాసు తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు.

"బాగుందమ్మా. గుర్రం దిగితే ఈయన ఎట్టా నడుస్తాడు?"

పత్రికలో సూరి గుర్రం దిగగా నేనెప్పుడూ చూడలేదు.

"నడిపించి తీసుకురా, చూద్దాం," అని ఆవిడ పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఎన్ని కాగితాలు పాడుచేశానో. సూరి నడవడం లేదు. కర్రకి బట్టలు తొడిగినట్టు నిలబడుతున్నాడు. ఆదివారం మా పెదనాన్న పొలానికి వెళ్ళినప్పుడు, ఆయన పత్తి కుక్కిన బోరెం బస్తా భుజానికెత్తుకుని గట్టు మీద వస్తుంటే మొదటిసారి మనిషి నడకని చూశాను. బరువున్న వైపు భుజం కుంగుతుంది, నడుము రెండో వైపుకి జరుగుతుంది, మెడ ముందుకు సాగుతుంది. ఇన్నేళ్ళూ ఆయన నా కళ్ళ ముందే నడుస్తున్నాడు, నేనే చూడలేదు. మర్నాడు సూరి భుజాన బోరెం పెట్టి తీసుకెళ్ళాను. టీచరుగారు ఆ కాగితం చూసి గట్టిగా నవ్వారు. "ఇప్పుడీయన మన పక్క మనిషయ్యాడు," అన్నారు. అప్పటిదాకా ఇష్టమైన బొమ్మని ఉన్నదున్నట్టు గీయడమే దాన్ని ప్రేమించడం అనుకున్నాను. ఆ రోజు నుంచి సూరి తినడం, అలిసిపోవడం, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడవడం కూడా నా చేతిలోకి వచ్చాయి.

నేను పదో తరగతిలో ఉండగా ఆ పత్రిక ఆగిపోయింది. సూరిని శత్రువులు కొండకోటలో బంధించారు, గుర్రం కింద లోయలో ఉండిపోయింది. 'తరువాయి వచ్చే సంచికలో' అన్నారు. ఆ సంచిక రాలేదు. లైబ్రరీలో రోజూ అడిగి విసిగించి, చివరికి క్లాసులో ఏడ్చినంత పని చేశాను. విషయం విన్న టీచరుగారు తాపీగా, మిగతా కథ నన్నే చెప్పమన్నారు.

"అది వాళ్ళ కథ కదండీ," అన్నాను.

"మొదలుపెట్టింది వాళ్ళే. ఆయన కోటలో పడుంటే నిద్ర పట్టంది నీకు కదా. నువ్వే బయటికి తీసుకురా."

అదే సమయంలో ప్రహరీగోడకి సున్నం కొట్టించి సూక్తులు రాయించాలని మా హెడ్మిస్ట్రెస్‌గారు అనుకుంటున్నారు. సూక్తులు ఎవరూ ఆగి చదవరనీ, బొమ్మల కథయితే ఊరంతా చదువుతుందనీ చెప్పి టీచరుగారు ఆవిడని ఒప్పించారు. మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. పబ్లిక్ పరీక్షల ముందు ఆడపిల్ల బస్సులు తిరిగే రోడ్డు మీద నిలబడి గోడకి రంగులు వేస్తే నలుగురూ ఏమంటారని ఆయన బాధ. టీచరుగారు మా ఇంటికి వచ్చారు. నులకమంచం మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, "అన్నయ్యగారూ, పక్కన నేనూ నిలబడతాను. ఎవరన్నా ఏమన్నా అంటే ముందు నన్నే అంటారు," అన్నారు. నాన్న తల దించుకుని, క్రిస్మస్ సెలవుల వరకే అన్నారు.

పండగ రోజు పొన్నూరు వెళ్ళిన టీచరుగారు మర్నాడు బస్సు దిగి నేరుగా గోడ దగ్గరికి వచ్చేశారు. మొదట నేను వేసిన గుర్రం గాడిదలా వచ్చింది. కాగితం మీద చేతి మణికట్టు తిరిగితే చాలు, గోడ మీద మనిషంతా తిరగాలని నాకు తెలియదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒకాయన దీని మీద చాకిరేవు మూటలు కూడా వేయమన్నాడు. నేను కుంచె కింద పడేసి ఇంటికి పోతానన్నాను. టీచరుగారు కుంచె తీసి నా చేతిలో పెట్టారు.

"నవ్వనీ. ఆగి చూశారా లేదా? చూసేవాళ్ళు దొరికాక పోతానంటావేంటి?"

గాడిద మీద సున్నం కొట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, ఈసారి భుజం నుంచి గీత లాగాను. గుర్రం వచ్చింది. నవ్వినాయన బస్సు వదిలేసుకుని మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు.

కోట నుంచి సూరిని ఎలా తప్పించాలన్నది చివరి దాకా తేలలేదు. గుర్రానికి రెక్కలు మొలిపించాలని ఉండేది. టీచరుగారు నా ఇష్టం అన్నారు కానీ ముఖం మాత్రం తృప్తిగా లేదు. ఒక సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఎవరింట్లోనో పోపులో ఎండుమిరపకాయలు మాడాయి. వీధంతా దగ్గింది. నేను అక్కడే నిలబడిపోయి ఒంటరిగా నవ్వుకున్నాను. మర్నాడు గోడ మీద మిరప కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్ళు వచ్చారు. గంపలు నెత్తిన పెట్టుకుని కొండెక్కి, గాలివాలు చూసి, కోట గుమ్మం ముందు మిరపకాయల మంట పెట్టారు. కాపలావాళ్ళు కత్తులు పారేసి, ముక్కులు చీదుకుంటూ పరుగు తీశారు. సూరి ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుస్తూ, నడిచి బయటికి వచ్చాడు. ఆ ఆడవాళ్ళ ముందు చేతులు జోడించాడు.

స్కూలు తెరిచిన రోజు గోడ ముందు జనం. మిరపకాయ టిక్కీలు, ఆ పెద్ద బస్తాలు, నింపుకున్న లారీ ఒకటి పక్కకి తీసి ఆపారు. చదువు రానివాళ్ళకి మా క్లాసు పిల్లలు వేలు పెట్టి కథ చెబుతున్నారు. చివరి బొమ్మ దగ్గర కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. మా నాన్న సైకిలు స్టాండు వేసి మొదటి బొమ్మ నుంచి వరసగా చదువుకుంటూ వచ్చారు. కాపలావాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నవ్వుకి ఆయన భుజాలు కదిలాయి. ఎవరో ఇదెవరు వేశారని అడిగితే వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"మా అమ్మాయి," అన్నారు. అడగని పక్కాయనకి కూడా చెప్పారు.

టీచరుగారు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఇటు రమ్మని పిలిస్తే రాలేదు. బెల్లు కొట్టారు, క్లాసుకి నడవమన్నారు.

ఎన్నో ఏళ్ళకి నా కథ, నా బొమ్మలతో మొదటి పుస్తకం అచ్చయితే దాన్ని పట్టుకుని పొన్నూరు వెళ్ళాను. టీచరుగారు రిటైరయి చెల్లెలింట్లో ఉంటున్నారు. తలుపు తీసి, పుస్తకం అందుకుని, నన్ను కూర్చోమనడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడి చివరి పేజీ దాకా చదివారు. తరవాత కళ్ళద్దాల పైనుంచి నా వైపు చూశారు.

"ఆ పిల్ల ఏరు దాటాక ఏమైంది?"

కథ అక్కడితో అయిపోయిందండీ అన్నాను.

"నాకు అవలేదమ్మా," అన్నారు.

తిరుగు బస్సులో గుంటూరు చేరేలోపు రెండో పుస్తకానికి మొదటి బొమ్మ వేసేశాను. టీచరుగారు ఇప్పుడు లేరు. అయినా కొత్త కాగితం ముందు కూర్చుంటే నాకు ఒంటరితనం తెలియదు. ఎక్కడో ఎవరో గుమ్మంలో నిలబడే నా బొమ్మ చదువుతున్నారనీ, పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటున్నారనీ అనిపిస్తుంది. వాళ్ళని నిలబెట్టి ఉంచడం ఇష్టం లేక తొందరగా గీయడం మొదలుపెడతాను.