కొట్టేసిన పేరు

మా సోషల్ మాస్టారు పోయారు. తిరువూరు బస్టాండులో విస్సన్నపేట బస్సు ఎక్కబోతుంటే పాత స్నేహితుడొకడు చెప్పాడు. బస్సు వదిలేసి ఆయన ఇంటికి వెళ్లాను.

ఆదివారం సంతాపసభ పెట్టారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్పాలి.

ఏటా ఆగస్టు రాగానే మాస్టారు మాకో పని పెట్టేవారు. స్వతంత్రం వచ్చిన రోజు ఏం చేస్తున్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకురావాలి. "సొంత కవిత్వం కలిపావో, చెవి మెలేస్తా" అనేవారు. దర్జీ సాయిబుగారి అబ్బాయి, వాళ్ల నాన్న జెండాలు కుట్టాడని రాశాడు. మా అమ్మ మాట చదవడానికి నాకు సిగ్గేసింది. "నాట్లేస్తన్నా. మాకెవరూ చెప్పలేదు." క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "మళ్లీ చదవరా" అని, ఆ మాటను బోర్డు మీద రాశారు.

స్వాతంత్ర్య రజతోత్సవానికి ఊళ్లో పండితులు, ప్లీడర్లు కమిటీగా కూడి ఒక సంచిక వేశారు. మన ప్రజల గురించి రాయమంటే మాస్టారు ఈ జవాబులే పేర్చి ఇచ్చారు. "కూలోళ్ల కబుర్లు చరిత్రెలా అవుతాయండీ?" అని కమిటీవాళ్లు వాటిని తీసిపారేశారు. రాజులనూ వీరులనూ పొగుడుతూ ఎవరిచేతో రాయించి, కింద మాస్టారి పేరు అచ్చేశారు. ఆయన లైబ్రరీకి వెళ్లి, ఉన్న ప్రతి కాపీలోనూ ఎర్రసిరాతో తన పేరు కొట్టేశారు. "నేను రాయనిదానికి నా పేరెందుకురా?" అన్నారు నాతో.

సంతాపసభలో, ఆనాటి కమిటీ పెద్దల్లో ఒకరైన అధ్యక్షులవారు గొంతు సవరించుకుని చదివింది ఆ వ్యాసాన్నే. మాస్టారి దేశభక్తికి అదే నిదర్శనమట! లైబ్రరీ కాపీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎర్రగీత చూసి కళ్లజోడు తీశారు.

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ?"

ఇప్పుడు కాక ఇంకెప్పుడు? ఈ దేశం ఎవరిదో తేల్చే పెద్దలు వీళ్లు! బతికుండగా ఆయన మాట తీసేశారు. పోయాక తమ మాట ఆయన నోట్లో పెట్టారు. ఈ అన్యాయాన్ని నేను క్షమించలేను.

మాస్టారు పోయిన రోజున మా అమ్మ ఎ.కొండూరు దగ్గర నాట్లలో ఉంది. దర్జీగారి అబ్బాయి సైకిలేసుకుని వెళ్లి, గట్టు మీద నిలబడి చెప్పాడట.

"నా మాట బోర్డు మీద రాసిన పంతులుగారా?" అని అడిగి, మోకాళ్లలోతు బురదలో, చేతిలో నారుకట్టతో అమ్మ అలాగే నిలబడిపోయిందట.