ఫారంలో పెట్టిన సున్నాలు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పడానికి ధైర్యం రావడానికే నాకు ఏడాది పట్టింది. అంతకుముందు సంఘంలో నిలబడి ఎన్నో సాక్ష్యాలు చెప్పాను కానీ, వాటిలో కొన్ని పూర్తిగా నిజం కావని ఈ రోజు ఒప్పుకుంటున్నాను. నా పేరు కరుణ, మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్‌లో వంట చేస్తాను, శుక్రవారం మా సంఘంలో స్త్రీల కూడిక నడిపిస్తాను.

మా అమ్మ ప్రభువునందు నిద్రించిన రోజు నేను ఏడవలేదు. ఏడ్చేవాళ్ళను నేనే ఓదార్చాను, ఆదరణ కూడికలో పాట నేనే ఎత్తుకున్నాను, కరుణ విశ్వాసం ఎంత గొప్పదని అందరూ మెచ్చుకుంటుంటే లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. తర్వాత కొన్ని నెలలకు మొదలైంది. తెల్లవారకముందే నిద్ర తెగిపోయేది, అన్నం గొంతు దిగేది కాదు, కూర నాలుక మీద వేసుకున్నా రుచి తెలిసేది కాదు, ఒకే పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి ఫాంహౌస్ అయ్యగారి చుట్టాల ముందు మాట పడ్డాను. సాయంత్రం బస్సెక్కితే మొయినాబాద్ ఎప్పుడు దాటిందో, చేవెళ్ల ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. ఇంటికొచ్చి మా బిడ్డ బ్లెస్సీ మీద ఊరికే అరిచేదాన్ని, దానికి పదేళ్ళు, బెదిరిపోయి పుస్తకాలు తీసుకుని మూలకు పోయేది. దేవా, అమ్మను తీసుకుపోయినట్టు నన్ను కూడా తీసుకుపో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరైనా ఎట్లున్నవని అడిగితే మాత్రం నా నోటి నుంచి వచ్చేది ఒకటే, దేవుని కృప, మంచిగున్న! విశ్వాసి నోట బాగలేదన్న మాట రాకూడదని నా నమ్మకం.

మా పాస్టరమ్మగారు ఒకరోజు కూడిక అయ్యాక నన్ను ఆపారు. "రెండు నెలలసంది అందరి కోసం ప్రార్థన చేస్తున్నవు కరుణా, నీ కోసం ఒక్క మాట అడుగుతలేవు. మొయినాబాద్‌ల ఒక కౌన్సెలింగ్ మేడమ్ ఉన్నది, కలువరాదు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "నేనేమన్న పిచ్చిదాన్నా అమ్మగారూ, నాకు దేవుడు లేడా?" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "పిచ్చి గాదు బిడ్డా. మొదలు నువ్వు ఎట్లున్నవో సూస్కో. పోవుడా వద్దా అన్నది తర్వాత సంగతి" అన్నారు.

ఆమె మాట కాదనలేక వెళ్ళాను. ఆ మేడమ్ గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినావిడ. నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు, ఎన్ని రోజులు తిండి సహించలేదు, ఎన్ని రోజులు బతకడం దండగ అనిపించింది, ఇలా ఉన్నాయి ప్రశ్నలు. నేను పెన్ను తీసుకుని, స్వస్థత పొందానని నమ్మి, వరుసగా అన్నింటికీ సున్నాలు పెట్టాను. కింద ఖాళీ ఉంటే దేవునికే మహిమ అని కూడా రాశాను. మేడమ్ దాన్ని పైనుంచి కింది దాకా చదివారు.

"ఇందులో మీ విశ్వాసం కనిపిస్తోందమ్మా, మీ నిద్ర కనిపించట్లేదు" అన్నారు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఎలా ఉండాలనుకుంటున్నారో కాదు, ఎలా ఉన్నారో రాయండి. రాశాక నా అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుందండీ." ఇంకో ఖాళీ ఫారం ఇచ్చారు. ఈమెకు దేవుని సంగతి ఏం తెలుసులే అనుకుని, దాన్ని మడిచి బైబిల్లో పెట్టి మరిచిపోయాను.

ఆ వారంలోనే బడి నుంచి ఫోను వచ్చింది, బ్లెస్సీ ప్రార్థన వరుసలో పడిపోయిందని. పరుగెత్తి వెళ్ళి ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్ళాను. ఎప్పటినుంచి జ్వరం అని డాక్టరు అడిగితే, మూడు రోజులసంది అన్నది బ్లెస్సీ. నాకెందుకు చెప్పలేదే అన్నాను.

"నువ్వు గూడ తినకుంట, నిద్ర పోకుంట మంచిగున్న అంటవు గదా మమ్మీ. బాగలేదంటే దేవునికి కోపమొస్తదేమో అనుకున్న."

సహోదరులారా, నాకు అప్పుడు అర్థమైంది. నేను విశ్వాసం నేర్పుతున్నాననుకున్నాను, బిడ్డకు దాచుకోవడం నేర్పాను. డాక్టరు దాని చంకలో థర్మామీటర్ పెడితే, వద్దండీ, జ్వరం లేదని విశ్వసిస్తున్నాను అని నేను అనలేదు. ఎంత ఉందో చెప్పండి అని ఆత్రంగా అడిగాను. నా సంగతి వచ్చేసరికి మాత్రం చూడనే చూడకుండా సున్నాలు పెట్టాను!

బిడ్డకు సెలైన్ ఎక్కుతోంది, నా తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. సంచిలో బైబిలు ఉంది, అందులో ఫారం ఉంది. అక్కడే మంచం మీద కూర్చుని రాశాను. నిద్ర లేని రోజులు పదకొండు, తిండి సహించని రోజులు తొమ్మిది. బతకడం దండగ అన్న ప్రశ్న దగ్గర కూడా దాచలేదు, ఆరు అని వేశాను. అప్పుడు కళ్ళు మూసుకుంటే నా నోట వచ్చిన ప్రార్థన ఇంతే: ప్రభువా, నేను బాగలేను, మా అమ్మ గుర్తొస్తున్నది. అమ్మ పోయిన ఇన్ని నెలలకు మొదటిసారి ఏడ్చాను, పక్క మంచం అవ్వ లేచొచ్చి నా వీపు నిమిరేదాకా ఏడ్చాను.

మరుసటి మంగళవారం ఆ ఫారం పట్టుకుని నేనే మొయినాబాద్ వెళ్ళాను. అందులో నేను వేసిన ఆరు చూసి మేడమ్ ఏమీ అదిరిపడలేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకుండా వెంటనే ఎవరికి చెప్పాలో ఇద్దరి పేర్లు నాతోనే రాయించారు, మొదటి పేరు పాస్టరమ్మగారిది. ఎనిమిది నెలలు వెళ్ళాను. ఎక్కువగా అమ్మ గురించే మాట్లాడాను. ఒక్కరోజులో అద్భుతం జరగలేదు, ఇప్పటికీ కొన్ని వారాలు బరువుగానే గడుస్తాయి, కానీ ఒక మధ్యాహ్నం ఫాంహౌస్‌లో చుక్కకూర పప్పు నాలుక మీద వేసుకుంటే దాని పులుపు తెలిసింది, పొయ్యి ముందే నిలబడి దేవుణ్ణి స్తుతించాను.

అందరూ కౌన్సెలింగ్‌కు వెళ్ళాలని నేను చెప్పడం లేదు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, జవాబు చెప్పేముందు ఒక్క నిమిషం ఆగి మిమ్మల్ని మీరు చూసుకోండి. నిద్ర పడుతోందా, తిన్నది రుచి తెలుస్తోందా, ఇంట్లోవాళ్ళు మీ దగ్గరికి రావడానికి భయపడుతున్నారా? ఉన్నది ఉన్నట్టు ముందు దేవునికి చెప్పండి, తర్వాత సాయం చేయగల మనిషికి చెప్పండి. మన తండ్రి నిజం వింటే అలిగేవాడు కాదు, ఆయనను నమ్మండి.

మొన్న సాయంత్రం బ్లెస్సీ బడి నుంచి వచ్చి సంచి కింద పడేసింది. ఎట్లున్నవ్ బిడ్డా అని అడిగాను. "మంచిగలేను మమ్మీ, దోస్తుతోని లడాయి అయింది" అని వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని దగ్గరికి తీసుకుని, నా బిడ్డ నోట ఆ మాట వినిపించిన దేవునికే మహిమ అనుకున్నాను.