తలకిందులుగా కట్టిన పుంజులు

నా భార్య టర్కీ కోళ్ళను మాంసం కోసమే పెంచింది, ముద్దు కోసం కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ‘ఎలాగూ కోసేవే కదా’ అని తర్వాత చాలాసార్లు నన్ను నేను వెనకేసుకొచ్చాను.

రైల్వే ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, తోర్వా పేటలో మా ఇంటి వెనక రేకుల పాకలో అవి ఉండేవి. టర్కీ పిల్లలకు ముందు గింజలు పోసినా తినడం తెలియదు. అందుకని వాటి మధ్య ఒక నాటుకోడి పిల్లను వదిలింది. అది పొడుస్తుంటే చూసి ఇవీ పొడిచేవి. ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలిపి పెట్టేది. పెరిగాక పెట్టలను గుడ్లకు ఉంచుకుంది. మూడు పుంజులు మాంసానికి మిగిలాయి. స్టేషన్ వైపు ఇంజను కూత వేస్తే చాలు, మూడూ మెడలు చాచి ఒక్కసారే బదులిచ్చేవి.

అదే ఊళ్ళో తార్‌బహార్ పేటలో ఉండే మేస్త్రీ, రైలింజన్లు బాగుచేసే మా లోకో షెడ్డులో పనిచేసినవాడు, ఆయన రిటైర్మెంట్ విందుకు వాటిని తెస్తానని గొప్పగా చెప్పింది నేనే. వంటకు సాయం చెయ్యడానికి ముందే బయల్దేరుతూ నా భార్య అంది:

“గంపల్లో ఎట్టి, ఎండెక్కకుండా ఆటోలో తెచ్చీయండి. కొయ్యడం వేరే సంగతి. కత్తి పడేదాకా వాటికి బాధ ఉండకూడదు. అదొక్కటీ మాటియ్యండి.”

“ఇచ్చేనులే. కోడిని మొయ్యడం నాకు నేర్పుతావేటే?”

డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. లేచేసరికి మిట్టమధ్యాహ్నం. అది మే నెల. ఆటో కోసం వెతకడానికి బద్ధకమేసింది. మా సొంతూళ్ళో సంతకు నాటుకోళ్ళను కాళ్ళు కట్టి సైకిలుకు వేలాడదీసుకుని పోయేవాళ్ళం. అలాగే స్కూటరు వెనక సీటు మీద అడ్డంగా కర్ర కట్టి, మూడింటినీ తలకిందులుగా వేలాడదీశాను. టర్కీ అంత బరువైన పక్షిని అలా వేలాడదీస్తే దాని రొమ్ము బరువే ఊపిరిని నొక్కేస్తుంది. అప్పుడు నాకు తెలియదనడం అబద్ధం. ముక్కులు తెరిచి రొప్పుతుంటే చూస్తూనే ఉన్నాను.

దారిలో టీ కొట్టు దగ్గర షెడ్డు వాళ్ళు కనిపిస్తే ఆగాను.

“ఏటి గురూ, నెమళ్ళనెత్తుకొచ్చీసావేటి?”

“టర్కీలురా. సూడు, మాటాడిస్తాను,” అని ఈల వేశాను. పలకలేదు. అన్నిటికన్నా పెద్ద పుంజు ముక్కు మీద వేలాడే ఎర్ర తోలు పట్టుకుని లాగాను. ఆ ఎర్రతోలు అప్పటికే తెల్లగా పాలిపోయి ఉంది.

“నీ మాట ఇంట్లోనే ఇనరు, ఇదింటాదేటి!”

అందరూ నవ్వారు. రోషంతో ఇంకోసారి లాగాను. అప్పుడే స్టేషన్లో ఇంజను కూత వేసింది. ఒక్కటీ బదులివ్వలేదు. ఆ క్షణాన కట్లు విప్పి, నీళ్ళు పట్టి ఉండాల్సింది. నేను ఇంకో టీ చెప్పాను.

తార్‌బహార్‌లో మేస్త్రీ ఇంటి ముందు దించేసరికి పెద్దది చచ్చిపోయి ఉంది. నా భార్య పెరట్లో వంట పనిలో ఉంది. వంటవాడు “భయ్యా, యే తో మర్ గయా,” అన్నాడు. “చుప్. కాట్ దే,” అని వాడి నోరు మూయించాను. చచ్చినదాని మెడ కూడా కోయించాను.

మాంసం కడగడానికి కూర్చున్నది నా భార్య. కాసేపటికి నన్ను పిలిచింది. పెద్ద పుంజు కాళ్ళ మీద తాడు ఎముకదాకా దిగిన గాట్లు ఉన్నాయి. కోసినప్పుడు కారని రక్తం మాంసం నిండా నల్లగా గడ్డకట్టి ఉంది.

“ఆటోలోనే తెచ్చేరా?”

“ఆటోలోనే.”

ఆమె వాకిట్లో ఉన్న నా స్కూటరు వైపు చూసింది. సీటు వెనక ఈకలు అంటుకుని ఉన్నాయి.

“అచ్ఛా,” అంది. ఆ మాంసాన్ని పక్కన పెట్టేసింది. విందులో అందరికీ మిగిలిన రెండింటి కూర వడ్డించింది. నా విస్తరి దగ్గరికి వచ్చి, విడిగా వండిన నల్లటి ముక్కలు వేసింది.

“ఇది మీరు తెచ్చిందే. తినండి.”

నలుగురి మధ్య కూర్చుని తిన్నాను. చుట్టూ అందరూ రుచిని మెచ్చుకుంటున్నారు. పక్కాయన నాకు అభినందనలు కూడా చెప్పాడు.

ఆమె పెంపకం మానలేదు. తర్వాతి విడత పుంజులు ఎదిగాక, వాటిని కోతకు తీసుకెళ్ళే రోజు తెల్లవారుతూనే ఆటో తనే పిలుచుకుంది. పుంజుల్ని ఒక్కొక్కటిగా చంకలో పెట్టుకుని, రెక్కలు నలగకుండా గంపల్లో దించింది. నేను గంప ఎత్తబోయాను.

“ఒగ్గీయండి,” అంది, నా చెయ్యి తోసేసి.