బోయా దగ్గర తిరగని చుట్టు

నా చిన్నప్పుడు చెప్పిన అబద్ధాల్లో చాలావరకు మరిచిపోయాను. సముద్రం మీద మా మావయ్యతో అన్న ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. బందరు రేవులో వలలు లాగుతూ పెరిగినవాడు, మిలిటరీలో చేరాక తెరచాప పడవల పందేలు నేర్చుకున్నాడు. ఒలింపిక్స్‌కు వెళ్లాలన్నది ఆయన కోరిక. అదేమిటో తెలియకపోయినా మా అమ్మమ్మ చేపల బజారంతా చెప్పుకుని మురిసిపోయేది. ఆ ఏడాది శిక్షణ శిబిరానికి ఎంపిక పందెం మా తీరంలోనే పెట్టారు. మొదటి మూడు పడవలను తీసుకుంటారు. వయసు దాటిపోతున్న మావయ్యకు అదే ఆఖరి అవకాశం.

అది ఇద్దరు నడిపే పడవ. జోడీగా రావలసినాయన జ్వరంతో మంచమెక్కాడు. గాలి పలచగా ఉంది, తేలికైనవాడైతే మేలని మావయ్య జడ్జీలను ఒప్పించి నన్ను ఎక్కించుకున్నాడు. నాగాయలంక పడవ నడిపే ఒక కుర్రాడు నన్ను చూసి నవ్వాడు. "ఏం బావా, పందేనికొచ్చావా, మేనల్లుడికి సముద్రం చూపిస్తున్నావా?"

"ముందు మా వెనకాల రా, అప్పుడు చెప్తా" అన్నాడు మావయ్య.

పడవలు చుట్టి రావలసిన, నీళ్ల మీద తేలే గుర్తుల్ని బోయాలంటారు. చివరి బోయా దగ్గరికి వచ్చేసరికి మాది మూడో పడవ. నాగాయలంక పడవ మమ్మల్ని తరుముకొస్తోంది. మావయ్య చూపంతా తెరచాప మీదే ఉంది. ఇంతలో ఒక అల లేచి బోయాను మా మీదికి తోసింది. వేటలో వల బెండు పడవ కిందికి పోతుంటే చేత్తో పక్కకు నెట్టేయడం మాకు ఊహ తెలిసిననాటి నుంచీ అలవాటు. నా చెయ్యి దానంతటదే వెళ్లింది.

పందెంలో అది తప్పు. బోయాకు పడవ తగిలినా మనిషి తగిలినా, అక్కడికక్కడే పడవను ఒక పూర్తి చుట్టు తిప్పాలి. దాంతో తప్పు చెల్లిపోతుంది. ఎవరూ చూడకపోయినా సరే, నడిపేవాళ్లే ఒప్పుకుని తిరగాలి.

"తగిలిందేంట్రా అల్లుడూ?" తల తిప్పకుండానే అడిగాడు మావయ్య.

తిరిగితే వెనకవాడు దాటేస్తాడు. "లేదు మావయ్యా" అన్నాను.

మూడో పడవగానే గీత దాటాం. ఒడ్డున ఒకటే కేకలు. మావయ్య తడి చెయ్యి నా తల మీద పెట్టి, "ఎంపికయ్యాం రా!" అన్నాడు. ఆ చెయ్యి తీయకముందే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజం చెప్పేశాను.

ఆయన నా తల మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎవరూ చూళ్లేదు మావయ్యా."

"ఇందాక నాకూ తెలీదు. ఇప్పుడు తెలుసుగా."

"ఇప్పుడు తిరుగుదాం."

"ఇప్పుడు చెల్లదురా. అప్పుడే చెప్పుంటే ఒక్క చుట్టుతో పోయేది. మళ్లీ వాణ్ణి పట్టుకునేవాళ్లమేమో కూడా."

ఆ గొంతులో కోపం లేదు. నేను తట్టుకోలేకపోయింది అందుకే.

పడవను జడ్జీల బోటు వైపు తిప్పాడు. బోయా తగిలిందనీ, పందెం నుంచి తప్పుకుంటున్నామనీ చెప్పాడు. నా ఊసే ఎత్తలేదు. మూడో చోటు నాగాయలంక కుర్రాడికి వెళ్లింది.

అతనే ఫిర్యాదు చేశాడని మా వీధిలో పుకారు లేచింది. కాదు, జడ్జీలకు తానే చెప్పానని మావయ్య ఎంత అన్నా, "నువ్వు ఎవణ్ణైనా వెనకేసుకొస్తావులేరా" అని అమ్మమ్మ ఆ కుర్రాణ్ణి తిట్టిపోసేది. నేను పక్కనే కూర్చుని విన్నాను. సెలవు అయిపోయి మావయ్య వెళ్లిపోయాడు.

తర్వాత ఒకరోజు, శిబిరానికి వెళ్తూ మావయ్యకు ఒక మాట చెప్పి పోదామని ఆ కుర్రాడు రేవుకు వచ్చాడు. చేపల వేలం దగ్గర మావాళ్లు అతన్ని చుట్టుముట్టారు. "మావోడి నోటికాడ కూడు లాక్కుని, మళ్లీ మొహం చూపిస్తావురా?" అని ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. ఆ కుర్రాడికి ఏమీ అర్థం కావడం లేదు.

జనాన్ని తోసుకుని లోపలికి వెళ్లాను. "అతను కాదు. బోయాను తోసింది నేను. మావయ్య అడిగితే లేదని చెప్పిందీ నేనే."

అక్కడే ఉన్న అమ్మమ్మ చేపల గంప దించి నా చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆ కుర్రాడి చొక్కా సర్ది, "అన్నం తిని వెళ్దువుగాని రా నాయనా" అంది.

సాయంత్రం అతన్ని బస్సెక్కించడానికి వెళ్లి, దారిలో క్షమాపణ అడిగాను. మావయ్య ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ఆ అవకాశాన్ని నేను తిరిగి ఇవ్వలేను. తప్పు చేసిన క్షణంలోనే ఒప్పుకునే ధైర్యం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. నా తప్పుకు ఇంకొకరు మాట పడుతుంటే నోరు మెదపకుండా కూర్చోవడం మాత్రం ఆ రోజుతో మానేశాను.