కట్టు తెగినందుకు పడలేదు

1999 మార్చిలో మెల్‌బోర్న్ శివారులోని ఒక పురపాలక కార్యాలయంలో వై2కె ప్రోగ్రామర్‌గా చేరాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలుండేవి. 2000 రాగానే అవి తప్పులు చేసి ఆగిపోకుండా, వాటిని నాలుగు చేయడం మా పని. కొత్త సంవత్సరం వచ్చింది, ఏదీ ఆగిపోలేదు, మా జట్టును ఇంటికి పంపేశారు. నన్నొక్కణ్ణి మూడు నెలలు ఉంచి, ఉత్సవాల విభాగంలో రన్‌షీట్లు రాయమన్నారు. ఏ నిమిషానికి ఎవరు ఎక్కడుండాలో చెప్పే పట్టిక అది. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని గడులు నింపేవాణ్ణి. కొన్ని రోజులు సాయంత్రం దాకా నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఫిబ్రవరిలో చైనా నూతన సంవత్సర వేడుక. అందులో కర్రకాళ్ల నాట్యం చేసే బృందానికి పెద్ద లిన్‌గారు, అరవై దాటిన మనిషి. కమ్యూనిటీ హాలు వెనక కార్ పార్కులో వాళ్ల సాధన చూడటానికి మొదట పనిమీద వెళ్లాను; తరవాత ఊరికే వెళ్లేవాణ్ణి. ఎత్తైన బల్ల మీద కూర్చుని, మూడడుగుల కర్రలను గుడ్డపట్టీలతో కాళ్లకు బిగించుకునేవారు. ఒకరిది జాలరి వేషం, ఒకరిది ముసలమ్మ. డోలు మోగగానే అందరూ లేచేవారు. లిన్‌గారు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఒక మాట చెప్పారు: కర్ర చివర సన్నగా ఉంటుంది, అడుగులు వేస్తూనే ఉండాలి, ఆగితే పడతాం. విన్నాను. నా పట్టికలో దానికి గడి లేదు.

వేడుక రోజు, మేయర్ ప్రసంగం ముగిసేదాకా బృందం వేదిక పక్కన వరసలో వేచి ఉండాలని నా రన్‌షీట్‌లో ఉంది. పన్నెండు నిమిషాలు. వాళ్లు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంటే, ఆ టకటక మైకులో వినపడుతోందని నేనే వెళ్లి ఆపమన్నాను. లిన్‌గారు ఒక క్షణం నా ముఖం చూసి, తనవాళ్లకు చెయ్యెత్తి సైగ చేశారు. కాసేపటికి ఆయనే వెనక్కి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. పడ్డప్పుడు ఒక పట్టీ తెగింది.

ప్రమాద నివేదిక రాయడం కూడా రన్‌షీట్ రాసినవాడి బాధ్యతే. 'కారణం' అన్న గడిలో, పాత పట్టీ తెగడం అని రాశాను. ఆసుపత్రిలో కాగితం చేతికిస్తే లిన్‌గారు చదవకుండా సంతకం పెట్టి, వచ్చినందుకు థాంక్స్ చెప్పారు.

క్లేటన్‌లో నాతో ఒకే ఇంట్లో అద్దెకున్న హైదరాబాదీ యూసుఫ్‌కు జరిగిందంతా చెప్పాను.

"సైకిలెక్కించి, తొక్కకు, అట్లనే నిలబడు అన్నట్టుంది భాయ్ నీ ప్లానింగ్!" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "మరి రిపోర్ట్‌ల అదే రాసినవా?" అన్నాడు.

"నెక్స్ట్ మంత్ నా రెన్యూవల్ యూసుఫ్. అది రాస్తే ఉంచుతారా?"

"ఉంచకుంటే నీకు ఇంకో జాబ్ దొర్కుతది. ఆ ముసలాయనకు ఏం దొర్కుతది?"



నాకు ఏడాది పొడిగింపు వచ్చింది. సామగ్రి సురక్షితం కాదని ఆ బృందానికి మా వీధుల్లో అనుమతి రద్దు చేశారు. కార్ పార్కు వైపు వెళ్లడం మానేశాను. కొన్ని నెలలకు పనిపడి హాలుకు వెళ్తే, వాళ్లంతా లోపల పేకాడుతున్నారు. లిన్‌గారు చేతికర్ర ఆనుకుని పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. నేను కూర్చోకుండా వచ్చేశాను.

ఆ శాఖలోనే చాలా ఏళ్లు పనిచేసి, యాభై అయిదో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. పట్టిక రాసినవాడి చేత ప్రమాద కారణం రాయించకూడదని నేర్చుకున్నాను. పై స్థానానికి వచ్చాక ఆ నిబంధన పెట్టించింది నేనే. ఎందుకని అడిగినవారికి, అది సాధారణ జాగ్రత్త అని చెప్పాను.