ఫ్లారెన్సు పాఠం, గోనెగండ్ల బావి

వేసవిలో నీటిమట్టం తగ్గితే డీజిల్ ఇంజన్లను బావిలోకి దించేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. అందుకే ఇది రాయక తప్పదు.

ఏడెనిమిదేళ్ల కిందట ఆదోని గ్రంథాలయంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరం గురించి చదివాను. పంపులు ముప్పై రెండడుగులకు మించి నీళ్లు ఎందుకు పీల్చలేవో అక్కడ టారిసెల్లి అనే పండితుడు తేల్చాడు. నీటిని పైకి తోసేది గాలి బరువేనని, దాని బలం అంతవరకేనని చెప్పి, బారోమీటరును కూడా కనిపెట్టాడు.

ఆ వారమే గోనెగండ్లలో మా అక్క మొగుడు ఈరన్న ఇంజను నీళ్లు తోడడం మానేసింది. వేరుశనగ ఎండిపోతోంది. నేను తాడు వేసి కొలిచి, "నీళ్లు నలభై అడుగుల లోతులో ఉండాయి బావా, ఇంజన్ను కిందికి దించల్ల" అన్నాను గొప్పగా.

"ఇటలీవాళ్లు మన బావి ఎప్పుడు సూసినార్రా, పండితుడా?" అని నవ్వుతూనే బావ దాన్ని లోపలి రాతి మెట్టు మీదికి దింపించాడు.

నీళ్లు ధారగా వచ్చాయి. బావ ఇంజను దగ్గరే కూర్చున్నాడు. కాసేపటికి పిలిస్తే పలకలేదు. బావి నిండా పొగ! నేను దిగబోతుంటే పక్క చేని మారెప్ప నా చెయ్యి పట్టి లాగాడు.

"నువ్వూ సస్తావప్పా, ఆగు!"

అతను నడుముకు మోకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి, ఇంజను ఆపి బావను తాడుకు కట్టాడు. కేకలు విని పరుగెత్తుకొచ్చినవాళ్లతో కలిసి ఇద్దరినీ పైకి లాగాం. చాలాసేపటికి బావ దగ్గి, కళ్లు తెరిచాడు.

"నీళ్లొస్తాండాయా?"

నవ్వుతూ ఏడ్చాను. గాలి బరువు గురించి చదివిన నేను, పొగతో గాలి విషమవుతుందని ఆలోచించలేదు. మారెప్పకు, మోకు లాగిన సుంకులమ్మకు, ఎల్లమ్మకు, ఎమ్మిగనూరు ఆసుపత్రికి జీపులో చేర్చిన బడేసాబుకు మా అక్క తరఫున కూడా దండాలు.